లాంతరు లేకుండా నడిస్తే నేరం
(రేడియో ప్రసంగ పాఠం)

ముందే ఒక మాట చెప్పేస్తాను. నేను వకీలును కాను. పగలంతా బ్యాంకుల సాఫ్ట్‌వేర్‌తో కుస్తీపట్టే కన్సల్టెంటును, చదివింది ఎం.టెక్. మరి క్రిమినల్ చట్టం గురించి నువ్వెందుకు మాట్లాడుతున్నావయ్యా అని మీరు అడగొచ్చు. దానికి కారణం 2019లో జరిగిన ఒక సంగతి.

మా జగిత్యాల వైపు మనిషి ఒకతను ఇక్కడ మస్కట్‌లో చిన్నచిన్న కరెంటు పనులు కాంట్రాక్టుకు తీసుకునేవాడు. వరసకు నాకేమీ కాడు గానీ అన్నా అని పిలిచేవాడు. ఘాలాలో ఒక దుకాణం నుంచి వైర్లు, స్విచ్చులు అరువు తెచ్చుకుంటూ, హామీగా తారీఖు వేయని చెక్కు ఒకటి సంతకం పెట్టి ఇచ్చాడు. ఇక్కడ చాలామంది చేసే పనే అది. తీరా పని చేయించుకున్నవాళ్లు డబ్బు ఆపేశారు. దుకాణం వాళ్లు చెక్కు బ్యాంకులో వేశారు, అది వెనక్కి వచ్చింది. ఒక గురువారం సాయంత్రం పోలీసు స్టేషన్ నుంచి నాకు ఫోను. "అన్నా, నేనేం దొంగతనం జెయ్యలే. అప్పేగదా. అప్పుకు జైల్ల ఏస్తరా?" అన్నాడు. ఆ రాత్రే జగిత్యాల నుంచి అతని భార్య ఫోను చేసింది. "ఆయన ఏం నేరం జేసిండన్నా?" అని అడిగింది. ఇద్దరికీ జవాబు చెప్పలేకపోయాను. అప్పుడు మొదలుపెట్టిన చదువు ఇది.

నేరం అంటే ఏమిటి? ఈ ప్రశ్నకు మస్కట్‌లో ఒక మంచి పాఠం దొరుకుతుంది. పాత మస్కట్ చుట్టూ గోడ ఉండేది, ద్వారాలుండేవి. సుల్తాన్ సయీద్ బిన్ తైమూర్ కాలంలో, అంటే 1932 నుంచి 1970 దాకా, పొద్దుగుంకిన మూడు గంటలకు ఆ ద్వారాలు మూసేసేవారు. తర్వాత ఊళ్లో ఎవరైనా నడవాలంటే చేతిలో వెలుగుతున్న లాంతరు ఉండాలి. టార్చిలైటు చెల్లదు, కిరసనాయిలు లాంతరే కావాలి. అది లేకుండా పట్టుబడితే నేరస్తుడే. చంద్రుడు పట్టపగల్లా వెలుగుతున్నా సరే! ఆ రోజుల్లో జైలు ఎక్కడంటే, ఇప్పుడు మనం సందర్శకులకు చూపించి ఫొటోలు దిగే జలాలీ కోట. పోర్చుగీసువాళ్లు పదహారో శతాబ్దంలో సముద్రం అంచున కట్టిన కోట అది.

లాంతరు లేకుండా నడవడంలో పాపం ఏముంది? ఏమీ లేదు. అయినా అది నేరం, ఎందుకంటే పాలకుడు వద్దన్నాడు, వద్దన్నది చేస్తే శిక్ష ఉందన్నాడు. సరిగ్గా నిర్వచనం కూడా అంతే. చట్టం ఏ పనిని నిషేధించి, చేసినవాడికి శిక్ష నిర్ణయిస్తుందో ఆ పని నేరం. చేయాల్సిన పని చేయకపోవడం కూడా ఇందులోకే వస్తుంది. హత్య, దొంగతనం లాంటివి ఏ దేశం వెళ్లినా నేరాలే, చట్టం పుట్టకముందు కూడా మనిషికి అవి చెడ్డవని తెలుసు. రెండో రకం, కేవలం చట్టం వద్దంది కాబట్టి నేరాలు. పరాయిదేశంలో బతికే మనం దెబ్బతినేది ఎక్కువగా ఈ రెండో రకం దగ్గరే. మస్కట్ మునిసిపాలిటీ పరిధిలో వీధివైపు బాల్కనీలో తెర అడ్డు లేకుండా బట్టలు ఆరేయకూడదు. మా అమ్మ ఇక్కడికి వచ్చిన కొత్తలో ఈ సంగతి చెబితే, "ఎండ ఉన్నది ఎందుకురా మరి?" అంది.

తెలుగులో మనకు తప్పు, పాపం, నేరం అని మూడు మాటలున్నాయి. తప్పు ఇంట్లో దిద్దుకునేది. పాపం పైవాడితో తేల్చుకునేది. నేరం దివాణంలో తేలేది. ఇక ఆ దివాణం భాష అంతా ఎక్కడిదో ఒమన్ వచ్చాకే నాకు తెలిసింది. వకీలు, ఖైదు, జామీను, అదాలతు, మున్సిఫు, కాజీ. ఈ మాటలన్నీ అరబ్బీ నుంచి బయలుదేరి, పారశీకం మీదుగా నవాబుల కచేరీల్లో అడుగుపెట్టి, మన కరణాల కాగితాల్లో స్థిరపడ్డవే. ఇందులో ఒకటి మాత్రం దారిలో తలకిందులైంది. అరబ్బీలో 'ముద్దయీ' అంటే దావా వేసినవాడు, ఆరోపణ చేసేవాడు. మన తెలుగులో ముద్దాయి అంటే ఆరోపణ ఎదుర్కొనేవాడు! ఇక్కడి పబ్లిక్ ప్రాసిక్యూషన్‌ను 'అల్ ఇద్దిఆ అల్ ఆమ్' అంటారు, అదే ధాతువు. మన జగిత్యాల మనిషి ఎవరి దగ్గరైనా "నేను ముద్దాయిని" అని అరబ్బీ యాసలో అని ఉంటే, కేసు పెట్టింది ఇతనే అనుకునేవారు. నవ్వులాటకు అన్నాను గానీ, కోర్టు భాష అరబ్బీ అయినచోట దుబాసీ ఎంత ముఖ్యమో దీన్నిబట్టి ఊహించుకోండి.

నేరానికీ మామూలు తగాదాకూ తేడా చూడాలంటే, కేసు పేరు చూస్తే చాలు. పొలం గట్టు తగాదా అయితే రామయ్య వర్సెస్ సోమయ్య. హత్య కేసైతే ఆంధ్రప్రదేశ్ రాష్ట్రం వర్సెస్ ఫలానా. చనిపోయింది ఒక మనిషే అయినా, గాయం సమాజమంతటికీ తగిలిందని లెక్క. అందుకే మన దేశంలో హత్య కేసులో కుటుంబాలు రాజీపడినా ప్రభుత్వం కేసు వదలదు. ఇస్లామిక్ న్యాయ సంప్రదాయంలో ఇది కొంచెం వేరుగా నడుస్తుంది. అక్కడ ప్రాణం పోయిన కుటుంబానికి కూడా హక్కు ఉంటుంది, క్షమించవచ్చు, 'దియా' అనే పరిహారం తీసుకోవచ్చు. ఒమన్‌లో 2008లో వచ్చిన రాజశాసనం ఈ దియాను 15,000 రియాళ్లుగా నిర్ణయించింది. రోడ్డు ప్రమాదాల కేసుల్లో ఈ మాట మనవాళ్ల చెవిన తరచు పడుతుంది.

మన తెలంగాణ వాళ్లకు ఈ పద్ధతి బాగా తెలిసింది దుబాయి కేసువల్ల. సిరిసిల్ల ప్రాంతం నుంచి వెళ్లిన కార్మికులు కొందరికి అక్కడ ఒక నేపాలీ కాపలాదారు హత్య కేసులో శిక్ష పడింది. 2011లో కె.టి. రామారావు గారు నేపాల్ వెళ్లి మృతుడి కుటుంబానికి పదిహేను లక్షల రూపాయలు అందించి, క్షమాపత్రం తెచ్చారు. అయినా వాళ్లలో చివరివాళ్లు ఇల్లు చేరేసరికి 2024 వచ్చింది. దాదాపు పద్దెనిమిదేళ్లు. కుటుంబం క్షమించినంత మాత్రాన రాజ్యం తన వాటా శిక్షను వెంటనే వదులుకోదన్నమాట.

ఇక చరిత్రలోకి వస్తే, మీలో చాలామంది విని ఉండని ముచ్చట ఒకటి చెబుతాను. మన ఇండియన్ పీనల్ కోడ్ ఒకప్పుడు మస్కట్‌లో అమల్లో ఉంది!

పీనల్ కోడ్ చిత్తుప్రతి రాసింది మెకాలే. 1834లో మద్రాసులో దిగి, ఊటీలో కొన్నాళ్లు గడిపి, కలకత్తా వెళ్లి, 1837కల్లా ముసాయిదా పూర్తిచేశాడు. అది ఇరవై ఏళ్లకు పైగా బీరువాల్లో మూలిగి, 1857 తిరుగుబాటు తర్వాత 1860లో చట్టమై, 1862 జనవరి 1 నుంచి అమల్లోకి వచ్చింది. అంతకుముందు మద్రాసు ప్రెసిడెన్సీలో, అంటే మన కోస్తా, సీమ జిల్లాల్లో కూడా, కంపెనీవాళ్ల ఫౌజుదారీ కోర్టులు ముస్లిం నేరచట్టాన్నే సవరణలతో నడిపేవి. కోర్టులో కాజీ, ముఫ్తీ ఉండి ఫత్వా ఇచ్చేవారు. గుంటూరు మనిషికైనా గోదావరి మనిషికైనా అదే.

ఇటు మస్కట్‌లో శతాబ్దాలుగా కచ్ఛీ, గుజరాతీ వర్తకులు స్థిరపడి ఉన్నారు. 1839లో సుల్తాన్ సయ్యిద్ సయీద్ బ్రిటన్‌తో చేసుకున్న ఒడంబడిక ప్రకారం బ్రిటిష్ ప్రజల తగాదాలు బ్రిటిష్ కాన్సల్ ముందుకు పోతాయి. ఈ వర్తకులు బ్రిటిష్ ఇండియా ప్రజలే కాబట్టి వాళ్లూ అందులోకే వచ్చారు. తర్వాత 1915 నాటి మస్కట్ ఆర్డర్ ఇన్ కౌన్సిల్‌తో బ్రిటిష్ ఇండియా చట్టాలు ఇక్కడి కాన్సల్ కోర్టులో వర్తించేలా ఏర్పాటు జరిగింది. ఒకే వీధిలో పక్కపక్క దుకాణాల వాళ్లు తగువుపడితే, ఒమనీ మనిషి కాజీ ముందుకు, భాటియా సేఠు కాన్సల్ ముందుకు. ఈ పద్ధతి పూర్తిగా పోయింది 1960లలోనే.

ఈ రెండు చట్టాల కాపురం ఎంత విచిత్రంగా ఉండేదో చెప్పడానికి జాంజిబార్ చూడండి. అది అప్పట్లో ఒమన్ రాజవంశం కిందే ఉండేది. అక్కడ బానిసలను ఉంచుకోవడం సుల్తాన్ చట్టంలో నేరం కాదు. కానీ 1858 తర్వాత అక్కడ కాన్సల్‌గా పనిచేసిన రిగ్బీ, బ్రిటిష్ ఇండియా ప్రజలైన వర్తకులు బానిసలను ఉంచుకోవడం నేరమేనని పట్టుబట్టి, జరిమానాలు వేసి, వేలమందిని విడిపించాడు. ఒకే ఊరు, ఒకే పని. పక్కింటి అరబ్బు వర్తకుడికి వ్యాపారం, ఎదురింటి కచ్ఛీ వర్తకుడికి నేరం. ఇక్కడ ఒమన్‌లో బానిసత్వం చట్టపరంగా పూర్తిగా పోయింది 1970లో, సుల్తాన్ ఖాబూస్ గద్దెనెక్కాకే. ఏది నేరం అన్నది కాలంతో ఎంత మారుతుందో దీనికంటే పెద్ద ఉదాహరణ నాకు తోచదు.

ఒమన్ లోపలి భూభాగం కథ వేరు. నిజ్వా వైపు ఇబాదీ ఇమాముల పాలన నడిచేది. 1920లో సీబ్‌లో, అవునండీ, ఇప్పుడు మనం విమానం దిగే వైపున్న ఆ సీబ్‌లోనే, సుల్తానుకూ లోపలి తెగలకూ ఒప్పందం కుదిరింది. దాని షరతుల్లో ఒకటి నన్ను ఆకట్టుకుంది. లోపలివాళ్ల న్యాయం నుంచి పారిపోయి వచ్చిన నేరస్తుడికి సుల్తాను ఆశ్రయం ఇవ్వకూడదు, వాళ్లు అడిగితే అప్పగించాలి. పన్నులు, రాకపోకలతోపాటు నేరస్తుడి అప్పగింత కూడా ఆ చిన్న కాగితంలో చోటు సంపాదించింది. శిక్షించే అధికారం ఎవరిదో తేలకపోతే రాజ్యం ఎవరిదో తేలదు గదా!

ఆ రెండు చట్టాల కాపురం ఇంకో రూపంలో ఇప్పటికీ మన మీద ఉంది. మనం ఒమన్ గడ్డమీద ఉన్నాం కాబట్టి ఒమన్ చట్టం మనకు వర్తిస్తుంది. భారత పౌరులం కాబట్టి భారత నేరచట్టమూ మన వెంటే వస్తుంది. పౌరుడు ఏ దేశంలో నేరం చేసినా భారత్‌లో విచారించవచ్చని పాత పీనల్ కోడ్‌లో ఉంది, 2024 జులై 1న దాని స్థానంలో వచ్చిన భారతీయ న్యాయ సంహితలోనూ ఉంది. కాకపోతే అలాంటి విచారణకు కేంద్ర ప్రభుత్వం అనుమతి కావాలి. అన్నట్టు, ఈ కొత్త సంహితతో మన 'ఫోర్ ట్వంటీ' ఉద్యోగం ఊడింది. మోసం సెక్షను ఇప్పుడు 318. "వాడొట్టి త్రీ వన్ ఎయిట్ గాడు" అంటే ఎవరికైనా కోపం వస్తుందా చెప్పండి!

ఆధునిక ఒమన్‌కు రాతపూర్వకమైన శిక్షాచట్టం 1974లో వచ్చింది. 1996 నవంబరులో దేశ మూలశాసనం, 1999లో కోర్టుల, ప్రాసిక్యూషన్, క్రిమినల్ ప్రొసీజర్ చట్టాలు, 2018 జనవరిలో కొత్త శిక్షాచట్టం వచ్చాయి. మూలశాసనాన్ని 2021లో సుల్తాన్ హైతమ్ కొత్తగా ప్రకటించారు. తారీఖులు గుర్తుపెట్టుకోనక్కర్లేదు. 1996 శాసనంలోని ఇరవై ఒకటి, ఇరవై రెండు అధికరణాల్లో ఉన్న సంగతులు మాత్రం గుర్తుంచుకోదగ్గవి, ఎందుకంటే క్రిమినల్ చట్టం మూలసూత్రాలన్నీ దాదాపు అక్కడే ఉన్నాయి. చట్టంలో లేనిదే నేరమూ లేదు, శిక్షా లేదు. చట్టం అమల్లోకి వచ్చాక చేసిన పనికే శిక్ష, ముందు చేసినదానికి కాదు. శిక్ష వ్యక్తిగతం. చట్టబద్ధమైన విచారణలో రుజువయ్యేదాకా నిందితుడు నిర్దోషి, అతన్ని శరీరంగా గానీ మనసుపరంగా గానీ హింసించకూడదు. మన రాజ్యాంగం ఇరవయ్యో అధికరణం కూడా రేపటి చట్టంతో నిన్నటి పనిని శిక్షించకూడదనే అంటుంది.

ఇందులో 'శిక్ష వ్యక్తిగతం' అన్న మాట మొదటిసారి చదివినప్పుడు, ఇది కూడా రాయాలా అనుకున్నాను. తండ్రి దొంగతనం చేస్తే కొడుకును జైల్లో వేస్తారా ఎవరైనా? వేశారండీ, మన దగ్గరే. 1871లో క్రిమినల్ ట్రైబ్స్ యాక్టు వచ్చింది. కొన్ని కులాలను, తెగలను పుట్టుకతోనే నేరస్తులుగా ప్రకటించే చట్టం అది. 1911 నాటి చట్టంతో మద్రాసు ప్రెసిడెన్సీకీ వచ్చింది. బాపట్ల దగ్గర 1913లో సాల్వేషన్ ఆర్మీ నిర్వహణలో ఒక సెటిల్‌మెంటు పెట్టి, ఎరుకల కుటుంబాలను అక్కడికి చేర్చారు. అప్పటి మద్రాసు ప్రభుత్వంలోని హెరాల్డ్ స్టువర్ట్ పేరుమీద దానికి స్టువర్ట్‌పురం అని పేరు. హాజరు పట్టీలు, పోలీసుల నిఘా, చెప్పకుండా ఊరు దాటితే శిక్ష. ఏం చేశావని కాదు, ఎవరికి పుట్టావని. నేరం అంటే చేసిన పని అన్న మొదటి సూత్రాన్నే ఆ చట్టం తిరగేసింది.

1952లో దాన్ని రద్దు చేశారు. పేరు మాత్రం పోలేదు. 1991లో సినిమా తీశారు, 2023లో మళ్లీ తీశారు, స్టువర్ట్‌పురం అనగానే దొంగలే గుర్తుకొచ్చేట్టు. నా కాలేజీ రోజుల్లో మా క్లాసులో ఆ ఊరి అబ్బాయి ఒకడు ఉండేవాడు. ఊరు అడిగితే బాపట్ల అనేవాడు. అసలు ఊరు తెలిశాక హాస్టల్లో ఎవరి పెన్ను పోయినా అందరం అతని వైపు చూసి నవ్వేవాళ్లం. నేనూ నవ్వాను. ఈ చట్టం గురించి చదివిన రాత్రి అతని మొహం గుర్తుకొచ్చి చాలాసేపు నిద్రపట్టలేదు.

ఇంకో సూత్రం, మనసులోని ఉద్దేశం. చేతిపని ఒక్కటే చాలదు, దాని వెనక దోషబుద్ధి ఉండాలి. చిన్నపిల్లలకు అది ఉండదని చట్టాలు అనుకుంటాయి. మన దేశంలో ఏడేళ్లలోపు పిల్లవాడు ఏం చేసినా నేరం కాదు, ఒమన్‌లో 2008 నాటి బాలల చట్టం ప్రకారం తొమ్మిదేళ్లు. కానీ ఉద్దేశం లేదనడానికీ, చట్టం తెలియదనడానికీ తేడా ఉంది. దుబాయిలో గసగసాలు నిషిద్ధం, మాదకద్రవ్యాల కింద లెక్క. కూరలో వేయడానికి అమ్మ కట్టిచ్చిన పొట్లం సూట్‌కేసులో ఉందని తెలిసి, అది నిషిద్ధమని మాత్రం తెలియకపోతే, "తెలియదండీ" అన్న జవాబు కాపాడకపోవచ్చు. ఎవరో మనకు తెలియకుండా పెట్టెలో పెట్టారంటే అది వేరే వాదన. ఊరినుంచి ఎవరో ఇచ్చిన పొట్లాలు విప్పి చూడకుండా పట్టుకొచ్చేవాళ్లు ఈ తేడా గుర్తుంచుకోండి.

ఇప్పుడు చెక్కు దగ్గరికి వద్దాం. అప్పు తీర్చలేకపోవడం తనంతట తాను నేరం కాదు. 1980లో మన సుప్రీంకోర్టులో జస్టిస్ కృష్ణయ్యర్ గారు ఇచ్చిన ఒక తీర్పు, దురుద్దేశం లేకుండా కేవలం చేతిలో లేక చెల్లించలేనివాణ్ని జైల్లో పెట్టరాదని చెప్పింది. మరి చెక్కు? ఖాతాలో సొమ్ము లేకుండా చెక్కు ఇవ్వడం ఒమన్‌లో శిక్షాచట్టం కిందికి వచ్చే నేరం. 1974 చట్టంలో ఉంది, 2018 చట్టంలోనూ ఉంది. చెక్కును నగదుతో సమానంగా నమ్మే బజారును కాపాడడం దాని ఉద్దేశం. శిక్ష అప్పుకు కాదు, ఆ నమ్మకాన్ని చెడగొట్టినందుకు. మన దేశంలో కూడా 1989 ఏప్రిల్ నుంచి ఇది నేరమే, రెండేళ్ల దాకా జైలు పడవచ్చు. అయితే అక్కడ ముందు నోటీసు ఇవ్వాలి, అది అందాక చెల్లించడానికి పదిహేను రోజులు గడువుంటుంది. మనవాళ్లు ఇక్కడా అలాగే ఉంటుందనుకుని ధీమాగా సంతకం పెట్టేస్తారు.

నా అభిప్రాయం అడిగితే, తారీఖు లేని హామీ చెక్కును పట్టుకుని మనిషిని లోపల వేయించడం న్యాయంగా తోచదు. ఇచ్చినవాడికీ పుచ్చుకున్నవాడికీ ఖాతాలో సొమ్ము లేదని ఆ రోజే తెలుసు. అక్కడ మోసపోయింది ఎవరు? ఇక్కడి వకీళ్లలోనూ డబ్బు కేసుల్లో ఇరుక్కున్నవాళ్ల గురించి ఆలోచించినవాళ్లున్నారు. ఒమన్ లాయర్స్ అసోసియేషన్ 2012లో 'ఫక్ కుర్బా' అని ఒక కార్యక్రమం మొదలుపెట్టింది. కష్టం నుంచి విడిపించడం అని దాని అర్థం. చందాలు పోగుచేసి, అప్పులు కట్టలేక జైలుపాలైనవాళ్ల బాకీలు తీర్చి బయటికి తెస్తుంది.

మన జగిత్యాల మనిషి విషయంలో మేమే తలా కొంచెం వేసుకున్నాం. రూవీలో ఒక మిత్రుడి గదిలో కూర్చుని, నోటుపుస్తకంలో పేర్లు రాసుకుంటూ, పదీ ఇరవై రియాళ్ల చొప్పున. దుకాణం వాళ్లకు పూర్తి సొమ్ము కట్టాక వాళ్లు ఫిర్యాదు వెనక్కి తీసుకున్నారు. పంతొమ్మిదో రోజున బయటికొచ్చాడు. ఏడాది తిరక్కముందే ఊరికి వెళ్లిపోయాడు. ఇప్పుడు జగిత్యాలలోనే మోటార్లు రిపేరు చేస్తున్నాడు. వెళ్లేముందు నోటుపుస్తకం అడిగి, పేర్లన్నీ తన ఫోనులో ఫొటో తీసుకున్నాడు. ఆ పేర్లలో ఇద్దరికి తప్ప అందరికీ డబ్బు తిరిగి వచ్చింది. ఆ ఇద్దరూ వద్దన్నారు.

అతని భార్య అడిగిన ప్రశ్నకు నేను ఆలస్యంగా జవాబిచ్చాను. "అక్కడి చట్టం ప్రకారం నేరమేనమ్మా, కానీ తప్పుడు పని కాదు" అన్నాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "ఈ ముక్క మా అత్తకు గూడ జెప్పవా అన్నా" అని ఫోను ఆమె చేతికిచ్చింది.

అద్దం అవతలి నుంచి సమయం అయిపోయిందని సైగ చేస్తున్నారు. విచారణ, అప్పీలు, దుబాసీల సంగతి ఇంకోసారి చెప్పుకుందాం. ఉంటానండి, నమస్కారం.